జలతీరమున వార్ధక్య దాంపత్యము: 'ఆన్ గోల్డెన్ పాండ్' నాటకమందలి రసవిచారము

మన అలంకారశాస్త్ర గ్రంథములలో శృంగారమున కీయబడిన ఉదాహరణములను వరుసగా చదివినవారికి ఒక సంశయము కలుగక మానదు. అందలి నాయికానాయకు లెల్లరును యౌవనవంతులే. ముగ్ధ, మధ్య, ప్రౌఢ యని స్వీయను మూడు విధములుగా విభజించిన శాస్త్రకారులు ప్రౌఢకు పిదప నేమగునో చెప్పక విడిచిరి. ప్రౌఢకును ఒకనాడు జుట్టు నెరయును, నాయకునకు చూపు మందగించును, బిడ్డలు పెరిగి దూరమగుదురు, ఉద్యోగము ముగియును. ఆ పిమ్మట ఆ యిద్దరి నడుమ మిగిలిన దానికి పేరేమి? అది శృంగారమా? కరుణమా? శాంతమా? లేక కావ్యమునకు పనికిరాని గృహకృత్యమా?

భవభూతి యొక్కడు ఈ ప్రశ్నను స్పృశించెను. ఉత్తరరామచరితము ప్రథమాంకమున రాముని నోట దాంపత్యస్నేహమును వర్ణించుచు, వార్ధక్యము దాని రుచిని హరింపజాలదనియు, కాలక్రమమున తెరలు తొలగి అది సారభూతమై నిలుచుననియు భావము వచ్చునట్లు పలికించెను. కాని అట్లు పలికిన రాముడు అప్పటికి యువకుడు, సీత గర్భవతి. వార్ధక్యమును గూర్చిన ఆ మాట ఆశంసగానే నిలిచినది. వార్ధక్యమునకు వచ్చిన దంపతులను రంగముపై నిలిపి, వారి దినచర్యనే వస్తువుగా గ్రహించి నడపిన నాటకము సంస్కృతమున ప్రసిద్ధములైన వానిలో కానరాదు.

ఇట్టి వస్తువును స్వీకరించిన ఆధునిక నాటకములలో అమెరికా రచయిత ఎర్నెస్ట్ థామ్సన్ రచించిన 'ఆన్ గోల్డెన్ పాండ్' మిక్కిలి ప్రసిద్ధము. ఇది విశ్రాంతి గైకొన్న యొక ఆచార్యుడును అతని భార్యయు ఒక సరస్సు ఒడ్డున గడపిన యొక వేసవికాలపు కథ. ఈ నాటకమును మన రసశాస్త్ర పరిభాషతో పరిశీలించి, దాని బలమును దోషములను నిరూపించి, తెలుగున శ్రీరమణ రచించిన 'మిథునము' కథతోడను, పాశ్చాత్య ప్రాచీన గాథయొకదానితోడను సరిపోల్చుట ఈ వ్యాసమున కుద్దేశము.

రచనాచరిత్రము

థామ్సన్ 1949లో జన్మించెను. ఈ నాటకము 1978లో న్యూయార్కునందలి హడ్సన్ గిల్డ్ నాటకశాలలో ప్రదర్శింపబడి, 1979 ఫిబ్రవరిలో బ్రాడ్వే రంగస్థలమున కెక్కినది. అప్పటికి రచయితకు ముప్పదియేండ్లు నిండలేదు. ఎనుబదియేండ్ల వృద్ధుని భయమును ఇంతటి నిశితముగా పట్టుకొన్నవాడు యువకు డగుట గమనింపదగిన విషయము. తనకు లేని అనుభవమును రచయిత పరిశీలనచేత సంపాదించెననుట కిది నిదర్శనము.

1981లో మార్క్ రైడెల్ దర్శకత్వమున ఇది చలనచిత్రమైనది. హెన్రీ ఫాండా, కేథరిన్ హెప్బర్న్ వృద్ధదంపతులుగను, హెన్రీ ఫాండా కుమార్తె జేన్ ఫాండా నాటకమునందును కుమార్తెగను నటించిరి. ఆ చిత్రమునకు 1982లో ఉత్తమనటుడు, ఉత్తమనటి, అనుసరణ చిత్రానువాదము అను మూడు ఆస్కార్ బహుమానములు లభించినవి. హెన్రీ ఫాండా అదే సంవత్సరము ఆగస్టులో దివంగతుడయ్యెను. 2005లో జేమ్స్ ఎర్ల్ జోన్స్, లెస్లీ అగమ్స్ ప్రధానపాత్రధారులుగా ఈ నాటకము బ్రాడ్వేపై మఱల ప్రదర్శింపబడినది. శ్వేతజాతి కుటుంబముగా కల్పింపబడిన పాత్రలను నల్లజాతి నటులు ధరించినను కథకు లోపము కలుగలేదు. దీనివలన ఇందలి వస్తువు ఒక జాతికో ఒక వర్గమునకో కట్టుబడినది కాదని తెలియుచున్నది.

ఇతివృత్తము

నాటకమున రెండంకములు, అయిదు రంగములు కలవు. మే, జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు అను అయిదు మాసములకు అయిదు రంగములు. అమెరికా ఈశాన్యమున మెయిన్ రాష్ట్రమున గోల్డెన్ పాండ్ అను కల్పిత సరస్సు ఒడ్డున నున్న వేసవియిల్లు రంగస్థలము. ఆ ప్రాంతమున శీతకాలమున సరస్సులు గడ్డకట్టును. కనుక ఇట్టి యిండ్లను వేసవి తొలినాళ్లలో తెఱచి, చలి రాకముందే మూసివేయుదురు. ఇల్లు తెఱచుటతో నాటకము ఆరంభమై, ఇల్లు మూయుటతో ముగియును.

నార్మన్ థాయర్ విశ్రాంత ఆంగ్లాచార్యుడు. అతనికి ఎనుబదవ జన్మదినము సమీపించుచున్నది. భార్య ఎథెల్ అతనికంటె సుమారు పదియేండ్లు చిన్నది. ఆ యింట వారికిది నలువదియెనిమిదవ వేసవి. జూలైలో తండ్రి జన్మదినమునకై కుమార్తె చెల్సీ వచ్చును. ఆమెకును తండ్రికిని చిరకాలముగా మనసులు కలియవు. ఆమె తండ్రిని పేరుపెట్టియే పిలుచును. ఆమెతోపాటు బిల్ రే అను దంతవైద్యుడును, అతని కుమారుడు పదుమూడేండ్ల బిల్లీయు వత్తురు. ఆ బాలుని వృద్ధులకడ నుంచి మిగిలిన యిద్దరును విదేశయాత్రకు పోవుదురు. తాతకును బాలునకును చేపలు పట్టుటలో చెలిమి కుదురును. ఆగస్టులో చెల్సీ తిరిగివచ్చి తండ్రితో కొంత సమాధానపడును. సెప్టెంబరులో ఇల్లు మూయుచుండగా నార్మన్ బరువైన పెట్టె నెత్తబోయి గుండెనొప్పితో కూలబడును, కొంతసేపటికి తేరుకొనును. దంపతులు సరస్సునకు వీడ్కోలు చెప్పుదురు. కథ ఇంతియే.

ఇందు ప్రతినాయకుడు లేడు, రహస్యము లేదు, రాజ్యలాభ నష్టములు లేవు. ఇట్టి కృశమైన వస్తువు రెండుగంటల ప్రదర్శనమును మోయుచున్న దన్నచో దాని బలము మఱియొకచోట నుండవలెను.

ఉద్దీపనముగా జలము

ఈ నాటకమున సరస్సు రంగస్థలముపై కనబడదు. అది కిటికీల కావల ఉన్నట్లు ప్రేక్షకుడు భావింపవలెను. ఎథెల్ కిటికీకడ నిలిచి చూచును. నార్మన్ చేపలగాలముతో బయటికి పోయి తిరిగివచ్చును. ఉత్తరములు తెచ్చు చార్లీ మరపడవపై వచ్చును. ఈ రాకపోకలచేతనే నీరు మనకు తెలియును. సరస్సు ఇందు వాచ్యము కాదు, వ్యంగ్యము. చలనచిత్రమున ఈ స్థితి మారినది. న్యూహాంప్‌షైర్ రాష్ట్రమునందలి స్క్వామ్ సరస్సుపై తీసిన ఆ చిత్రమున బంగారు వన్నె నీరు తెరనిండ పరచుకొనును. చూచుట కది మనోహరమే. కాని నాటకమున కిటికీవైపు తిరిగిన ఎథెల్ ముఖమున ఏ నీటిని మనము చదువుదుమో, దాని లోతు చిత్రమునందలి నీటికి లేదు. ధ్వనిని వాచ్యము చేసినచో చమత్కారము తగ్గునను ఆనందవర్ధనుని సిద్ధాంతమున కిది మంచి యుదాహరణము.

ఆ నీటిపై లూన్ అను పక్షులు జంటగా తిరుగుచుండును. ఇవి నీట మునిగి చేపలను పట్టుకొను ఉత్తరదేశపు పక్షులు. వీని కూత దీర్ఘమై, ఏడ్పువలె వినబడును. వేసవి సరస్సులపై గడపి శీతకాలమున సముద్రతీరములకు పోవును. వాని రాకపోకలకును దంపతుల రాకపోకలకును సామ్యము స్పష్టమే. ఎథెల్ ఆ కూతలను విని పలుకరించును. కడపటి రంగమున పిల్ల పెరిగి వెడలిపోగా ఆ పక్షులు రెండే మిగిలినవని గుర్తించును. మన కవులు చక్రవాక మిథునమును విరహమునకు వాడిరి. థామ్సన్ పక్షిమిథునమును విరహము లేని ఏకాంతమునకు వాడెను. బిడ్డ లేని వెలితియు, ఇద్దరమే యను తృప్తియు ఒకే చిత్రమున ఇమిడినవి.

చిన్న సుఖములు

ఈ దంపతుల సుఖములను లెక్కించి చూతము. సామానుపై కప్పిన దుప్పట్లు తీసి ఇంటిని మేల్కొలుపుట, తలుపు విరిగియుండగా దానిని గూర్చి తగవులాడుట, కట్టెలు ఏరి తెచ్చుట, పత్రికలోని ఉద్యోగప్రకటనలను నార్మన్ చదివి ఎనుబదియేండ్ల వయస్సున తాను వానికి తగుదునేమో యని పరిహాసమాడుట, స్ట్రాబెరీలు కోయుట, సాయంకాలము పార్చీసి యాట. ఈ చివరిది మనకు బంధువే. మన దేశపు పచ్చీసాట పాశ్చాత్యదేశములకు పోయి పేరు మార్చుకొనగా పార్చీసి యైనది. అంతఃపురములలో రాజదంపతు లాడిన యాట మెయిన్ రాష్ట్రపు వేసవియింట విశ్రాంతాచార్యుని గర్వమునకు ఆటపట్టయినది.

ఈ వస్తువు లన్నిటికిని ఒక సామాన్యలక్షణము కలదు. వీనిలో ఏదియు క్రొత్తది కాదు. నలువదియేడు సార్లు జరిగినదే నలువదియెనిమిదవసారి జరుగుచున్నది. యౌవనమున సుఖము నూతనత్వముచేత కలుగును. ఇచ్చట పునరావృత్తిచేత కలుగుచున్నది. అయితే పునరావృత్తిలోనే భయమును కలదు. లెక్కపెట్టదగినది ఏదైనను ఒకనాడు ముగియవలెను. నలువదియెనిమిది అను సంఖ్యను ఉచ్చరించినంతనే నలువదితొమ్మిది యుండునా యను ప్రశ్న వెంటనే వచ్చును. రచయిత ఆ ప్రశ్నను పాత్రలచే పదేపదే అడిగింపక, మాసములను ఒక్కొక్కటిగా త్రోసివేయుటచేతనే సూచించెను.

ఎథెల్ తన చిన్ననాటి బొమ్మను ఎల్మర్ అను పేరుతో అగ్గిగూటిపై నిలుపుకొన్నది. అది తొలిరంగముననే జారి క్రిందపడును. ఇట్టి స్వల్పవస్తువును ఆరంభమున పడవేసి, నార్మన్ కూలుటను అంతమున చూపుటలో నాటకకర్త నేర్పు కలదు. అట్లే తొలిరంగమున నార్మన్ టెలిఫోను పనిచేయుచున్నదో లేదో పరీక్షించుటకు ఎక్స్‌ఛేంజివారిని పిలిచి హాస్యము సాగించును. కడపటి రంగమున అదే టెలిఫోనుకడ ఎథెల్ భర్తప్రాణములకై సహాయము నర్థించుచు నిలువవలసివచ్చును. తొలుత నవ్వు పుట్టించిన వస్తువు తుదకు త్రాసమునకు కారణమగుట మన శాస్త్రమున బీజ నిర్వహణములకు గల సంబంధమును జ్ఞప్తికి తెచ్చును.

స్ట్రాబెరీల ఘట్టము

జూన్ రంగమున ఎథెల్ భర్తను స్ట్రాబెరీలు కోసికొని రమ్మని పంపును. అతడు త్వరగా మరలివచ్చును. ఇతరుల యెదుట మాట దాటవేసి, ఒంటరిగా నున్నప్పుడు నిజము చెప్పును. ఎన్నో యేండ్లుగా నడచిన బాట ఎటుపోవునో అతనికి జ్ఞప్తికి రాలేదు. అడవిలో ఒక చెట్టయినను తెలిసినదిగా తోచలేదు. భయము పుట్టి, ఆమె ముఖమును చూచి తాను తానేయని నమ్ముటకై పరుగున వచ్చినాడు. అప్పుడు ఎథెల్ అతనిని ఓదార్చి, భోజనానంతరము ఇద్దరమును ఆ బాటనే నడచి వత్తమని చెప్పును.

నాటకమునకు ప్రాణము ఈ ఘట్టము. నార్మన్ భాషాచార్యుడు, పదములే అతని ఆస్తి. మతిమరపు అతనికి కేవలము దేహబాధ కాదు, స్వరూపనాశము. ఇంతవరకు అతని వ్యంగ్యోక్తులకు నవ్విన ప్రేక్షకుడు ఆ నవ్వు దేనిని కప్పిపుచ్చుచుండెనో ఇప్పుడు గ్రహించును. లోపలి భావమును ఆకారముచేత మరుగుపరచుటను మన ఆలంకారికులు అవహిత్థ మనిరి. ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నది యొకటి. నార్మన్ పరిహాసమంతయు అవహిత్థయే. మరణమును గూర్చి అతడు ఎల్లప్పుడును తేలికగా మాటాడుట మరణభయము లేకపోవుటవలన గాదు. ఈ దృష్టితో చూచినచో నాటకమున హాస్యము స్వతంత్రరసము గాక అంగమగుచున్నదని తేలును.

ఎథెల్ ఓదార్పునందును విశేషము కలదు. ఆమె వైద్యమును సూచింపదు, భయపడవలదని ఉపదేశింపదు. పోయిన బాటను తిరిగి ఇద్దరమును నడచెదమని మాత్రమే చెప్పును. అతని స్మృతిలో సగభాగమును తాను మోయుటకు సిద్ధపడినదని దీని భావము. అర్ధాంగి యను మన పదమునకు ఇంతకంటె సూటియైన వ్యాఖ్య అరుదు.

రసనిర్ణయము

ఇక ఇందలి అంగిరస మేది? ఒక అమెరికా నాటకమునకు భరతుని మార్గమున రసనిర్ణయము చేయుట ఉచితమా యని కొందఱు శంకింపవచ్చును. నాటకకర్త మన శాస్త్రము నెఱిగి వ్రాసెనని ఎవ్వరును చెప్పుట లేదు. భావములు మనుష్యసామాన్యములు గనుక వానిని వర్గీకరించిన శాస్త్రము ఎచ్చటనైనను పరీక్షకు నిలువవలెను. ఈ నాటకమువలన శాస్త్రమునకే కొంత లాభము కలుగుచున్నది.

కరుణ మందమా, ఇష్టనాశము జరుగలేదు. భరతుడు కరుణము నిరపేక్షమనియు, విప్రలంభము సాపేక్షమనియు భేదము చూపెను. ఆశ చచ్చినచోట కరుణము, ఆశ మిగిలినచోట విప్రలంభము. నార్మన్ బ్రదికియే యున్నాడు. కనుక కరుణము కాదు. శాంత మందమా, ఈ దంపతులలో వైరాగ్యలేశము లేదు. చేపలకొఱకును ఆటలో గెలుపుకొఱకును నార్మన్ పడు తాపత్రయము నిర్వేదమునకు బద్ధవిరోధి. రుద్రటుడు స్నేహము స్థాయిగా ప్రేయోరసమును పదియవదానిగా అంగీకరించెను. అది కొంత దగ్గరగా వచ్చును. కాని స్నేహమాత్రమున ఇంతటి భయము పుట్టదు.

శృంగారమే యని నా నిశ్చయము. వృద్ధుల రతి రసాభాసమగునని కొందఱు తలంతురు. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున రత్యాభాసమునకు చెప్పిన హేతువులలో ఉపనాయకవిషయత్వము, అనుభయనిష్ఠత్వము, ప్రతినాయకనిష్ఠత్వము మొదలగునవి కలవు గాని వార్ధక్యము లేదు. శాస్త్రము నిషేధింపని దానిని సంప్రదాయము విస్మరించినది, భేదము గమనింపవలెను. విప్రలంభభేదమైన ప్రవాసమును ఆలంకారికులు భావి, భవత్, భూతములని మూడు విధములుగా విభజించిరి. ప్రియుడు రేపు పయనమై పోవునని తెలిసిన రాత్రి భావిప్రవాసము. కౌగిలి యుండగనే విరహము మొదలిడుట దాని లక్షణము. నార్మన్, ఎథెలుల స్థితి సరిగా ఇదియే. భేద మొక్కటి. ఎవరు ముందు పయనమగుదురో తెలియదు, పోయినవారు తిరిగిరారు. తిరిగివచ్చుట లేని భావిప్రవాసమును ఎదుట నుంచుకొని సాగు సంభోగశృంగార మని దీనిని నిర్వచింపవచ్చును. స్ట్రాబెరీలకును తలుపు తగవులకును ఇంత విలువ వచ్చుట ఈ కారణముచేతనే. పయనపు ముందటి రాత్రి పలికిన ప్రతి సామాన్యవాక్యమును బరువెక్కును గదా.

కడపటి రంగము దీనిని దృఢపరచుచున్నది. నార్మన్ తేరుకొన్న పిమ్మట ఎథెల్ తన మనసు విప్పును. మరణమును గూర్చి ఇంతకాలము వినుచున్నను అది నిజమని తాను భావింపలేదనియు, ఇప్పుడు మరణించిన భర్తను గంజిపెట్టిన చొక్కాతో సహా కన్నులార చూచినట్లయ్యెననియు చెప్పును. ఇంతవరకు భయము అతనిది, ధైర్యము ఆమెది. ఇప్పుడు భయము ఇద్దరిదియు అయినది. ఆ సమానత్వమే నాటకఫలము.

దోషవిచారము

ఈ నాటకమున లోపములు లేకపోలేదు. తండ్రికూతుళ్ల కలహము నలువది యేండ్లనాటిదిగా చెప్పబడినను, దాని మూలము స్పష్టముగా చూపబడలేదు. పరిష్కారము ఒక సంభాషణలో ముగిసినది. చలనచిత్రమున చెల్సీ వెనుకకు మొగ్గవైచి నీట దుముకుటచేత ఆ సమాధానమునకు దృశ్యరూపము కల్పింపబడినది గాని హేతువు బలపడలేదు. బాలుడు బిల్లీ స్వతంత్రపాత్రగా పెరుగక, తాతను మెత్తపరచు సాధనముగా మిగిలెను. నార్మన్ చమత్కారములలో కొన్ని పాత్రనుండి కాక ప్రేక్షకుల నవ్వునుద్దేశించి వచ్చినవి.

ఇంతకంటె గంభీరమైన ఆక్షేపణ మొకటి కలదు. సరస్సు ఒడ్డున రెండవ యిల్లును, విశ్రాంతివేతనమును గలవారి చిన్న సుఖములు నిజముగా చిన్నవియేనా? వానిక్రింద పెద్ద భద్రత దాగియున్నది గదా? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. థామ్సన్ దీనికి సమాధానము చెప్పలేదు. ప్రశ్నయే అతనికి తోచినట్లు లేదు. కాని భద్రత మరపును ఆపలేదు, నార్మన్ హృదయమును కాపాడలేదు. సంపద తొలగింపజాలని భయమునే అతడు వస్తువుగా గ్రహించెను గనుక, ఆక్షేపణ నాటకపరిధిని చిన్నది చేయును గాని సత్యమును చెఱుపదు.

తులనము

పేదయింటి వృద్ధదంపతులను చూడగోరువారు రోమకకవి ఓవిడ్ రచించిన 'రూపపరిణామములు' అష్టమభాగమును చదువవలెను. ఫ్రిజియా దేశమున ఫిలెమన్, బాకిస్ అను ముదుసలి దంపతులు పూరిగుడిసెలో కాపురముందురు. మారువేషమున వచ్చిన దేవతలకు ఊరివారెల్ల తలుపులు మూయగా వీరు ఆతిథ్య మిత్తురు. వారి బల్లకు ఒక కాలు పొట్టిది. బాకిస్ దానిక్రింద పెంకు నుంచి సమము చేయును. ఆ కుండపెంకు రెండువేల యేండ్లుగా పాఠకుల మనసులలో నిలిచినది. ఊరు నీట మునిగి మడుగైపోవును, గుడిసె దేవాలయమగును. ఆ నీటిపై మునుగుచు తేలు పక్షులు తిరుగుచుండునని ఓవిడ్ చెప్పుట లూన్ పక్షులను ఎఱిగిన పాఠకునకు వింతసంతోషము నొసగును. వరము కోరుకొమ్మన్నప్పుడు ఆ దంపతులు ఒకే గడియలో మరణించుటను కోరిరి; రెండు వృక్షములైరి.

గేటే తన 'ఫౌస్ట్' ద్వితీయభాగమున, 1832లో ప్రకటితమైన ఆ కావ్యపు పంచమాంకమున, ఈ పేర్లనే గ్రహించి సముద్రతీరమున ఒక వృద్ధజంటను నిలిపెను. వారికి గుడిసె, ముదిచెట్లు, చిన్న దేవాలయపు గంట మాత్రమే కలవు. కట్టలు కట్టి సముద్రమును వెనుకకు నెట్టుచున్న ఫౌస్టునకు ఆ కొద్ది నేలయు కావలసివచ్చినది. అతని అనుచరులు గుడిసెను తగులబెట్టగా వృద్ధులు మరణింతురు. చిన్న సుఖమును ఓర్వజాలని మహాసంకల్పము ఎట్టిదో గేటే చూపెను. థామ్సన్ నాటకమున లేని బాహ్యలోకము ఇచ్చట కఠోరముగా ప్రవేశించినది.

మన భారతమున ఆశ్రమవాసపర్వమందు ధృతరాష్ట్ర గాంధారులు కుంతితో గూడ గంగాతీరమున కేగి తపోవనములలో శేషజీవితమును గడపి, తుదకు దావాగ్నిలో దేహములు చాలింతురు. తిక్కన తెనిగించిన ఈ భాగమున జలతీరము విడిచిపెట్టుటకు స్థానము. థామ్సన్ రచనలో పట్టుకొనుటకు స్థానము. వానప్రస్థమునకు భార్యతో గూడ పోవచ్చునని మనువు అనుమతించెను గాని, ఆ కలిసి యుండుటలోని రుచిని వర్ణించుట స్మృతికారుని పని కాదు.

ఆ పనిని తెలుగున శ్రీరమణ చేసెను. 2023లో దివంగతుడైన ఈ రచయిత 'మిథునము' కథను, చిత్రకారుడు బాపు ముచ్చటపడి తన దస్తూరితో వ్రాసిపెట్టుట ప్రసిద్ధము. మలయాళమున ఎం. టి. వాసుదేవన్ నాయర్ దీనిని 2000లో 'ఒరు చెరు పుంచిరి' యను చిత్రముగా తీసెను. 2012లో తనికెళ్ల భరణి దర్శకత్వమున ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము, లక్ష్మి ఇద్దరే పాత్రధారులుగా తెలుగు చిత్రము వచ్చినది. అప్పదాసు, బుచ్చిలక్ష్ముల లోకము పెరడు, పాదులు, వంటిల్లు. నార్మన్ నోటిమాటలకు ఎంత రుచియో అప్పదాసు నాలుకకు అంత రుచి. తగవులు, ఎత్తిపొడుపులు, అలుకలు రెంటను సమానమే. ఎథెల్ భర్తను చిన్నబుచ్చు ముద్దుపేరుతో పిలుచును. బుచ్చిలక్ష్మి దెప్పిపొడుపులలో గారాబము దాగియుండును. ఇంతకాలము కాపురము చేసిన వారి ప్రేమకు తిట్టే సహజభాష యని ఇద్దరు రచయితలును గ్రహించిరి.

కాని ఎవరు ముందు అను ప్రశ్నకడ మూడు రచనలును మూడు దారులు పట్టినవి. బాకిస్, ఫిలెమనులు ఇద్దరమును ఒకసారే పోవలెనని కోరిరి, దేవతలు అనుగ్రహించిరి. అది గాథాలోకపు సమాధానము. నార్మన్, ఎథెలులకు వరమిచ్చువారు లేరు. ప్రశ్న ప్రశ్నగనే మిగిలి, ఈసారికి తప్పినదను ఊరటతో తెర పడును. అది ఆధునికుని నిజాయితీ. బుచ్చిలక్ష్మి ఈ రెంటిని దాటిపోయినది. భర్త తనకంటె ముందు పోవలెనని ఆమె కోరుకొనును. ముత్తైదువుగా పోవుటయే స్త్రీజన్మకు పరమభాగ్యమని శతాబ్దములుగా నమ్మిన సమాజమున ఒక ఇల్లాలు నోటితో అనరాని మాట యిది. కాని తాను లేనినాడు అతనికి వేళకు కావలసినవి ఎవరు అమర్తురను ఆలోచనమే దానికి మూలము. పసుపుకుంకుమలకంటె ఆ మనిషి ఆకలి ఆమెకు ముఖ్యమైనది. సంప్రదాయమును తిరస్కరించుచున్నానని ఆమె కెఱుకయైన లేదు; ప్రేమ తర్కమును అనుసరించి నడచినది. మిగిలిపోవుట యను దుఃఖమును తానే మోయుటకు సిద్ధపడిన ఈ కోరికలో భావిప్రవాసము పరాకాష్ఠ నందినది. ఈ విషయమున తెలుగుకథ అమెరికా నాటకముకంటె ఒక మెట్టు పైన నిలిచినదని చెప్పుట స్వభాషాభిమానము కానేరదు.

ఉపసంహారము

'ఆన్ గోల్డెన్ పాండ్' దోషరహిత నాటకము కాదు. కుమార్తె కథను తీసివేసినను దాని ప్రాణము పోదు. స్ట్రాబెరీల ఘట్టమును తీసివేసినచో ఏమియు మిగులదు. చిన్న సుఖములను వాని యల్పత్వమును దాచక, వానిపై తత్త్వభారమును మోపక రంగముపై నిలుపుట దాని ఘనత. అల్పవస్తువు విభావమగుటకు దానివెనుక స్థాయి దృఢముగా నుండవలెనను శాస్త్రసత్యమును అది ఉదాహరించుచున్నది.

శృంగారనాయికలను ప్రౌఢతో ఆపివేసిన పట్టికకు ఒక పంక్తిని చేర్చు పని మన పరిశోధకులకు మిగిలియున్నది. ఆ పంక్తికి కావలసిన లక్ష్యములు తెలుగుకథలోను, మన యిండ్లలోను కొఱతపడవు. బాట మఱచిన భర్తతో భోజనానంతరము ఇద్దరమును పోయి చూచివత్తమనిన ఎథెల్, అతని విస్తరి ఖాళీయైన పిమ్మటనే తాను లేవదలచిన బుచ్చిలక్ష్మి, పొట్టికాలి బల్లక్రింద పెంకు పెట్టిన బాకిస్: ఈ మువ్వురును ఒకే నాయికాభేదమునకు చెందినవారు. ఆ భేదమునకు పేరు పెట్టవలసియున్నది.